వ్యాసం కింద ఎవరి పేరు?

(గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు లోపలికి రండమ్మా, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఒక అత్తగారి మాటతో మొదలుపెడతాను. 1830ల తొలినాళ్లు, పారిస్ నగరం. మొగుణ్ణి పల్లెలో వదిలి నగరంలో ఉంటున్న కోడల్ని అత్తగారు అడిగింది: "పుస్తకాలు అచ్చు వేయిస్తావట, నిజమేనా?" "నిజమేనండీ" అంది కోడలు. "వింతగా ఉందే! సరే, నీ ఇష్టం. కానీ ఆ పుస్తకాల అట్టల మీద నా ఇంటిపేరు మాత్రం వేయవు కదా?" "లేదండీ, ఆ భయం మీకక్కర్లేదు."

ఆ కోడలు ఒరోర్ ద్యుదవాన్. మనకు తెలిసిన పేరు జార్జ్ సాండ్. ఈ సంభాషణను ఆమే తన ఆత్మకథలో రాసుకుంది. ఇందులో ఒక మాట గమనించండి. "నా ఇంటిపేరు" అంటోంది అత్తగారు. ఆ ఇంటిపేరు ఆవిడ పుట్టింటిదా? కాదు. ఆవిడకూ పెళ్లితో వచ్చిందే. పెళ్లితో వచ్చిన పేరును, పెళ్లితోనే వచ్చిన ఇంకో ఆడమనిషి అచ్చులోకి తీసుకుపోకుండా కాపలా కాస్తోంది.

పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ పత్రికలు, రచయిత్రులు అనగానే మనం ముందు ఏం అడుగుతాం? ఎవరు ఏం రాశారు, ఎంత బాగా రాశారు అని. ఈ సాయంత్రం నేను అది అడగను. వ్యాసం అయిపోయాక, ఆ చివర, చిన్న అక్షరాల్లో ఎవరి పేరుంది? నేను ఇన్నేళ్లుగా ఆ పాత సంచికలు తిరగేస్తున్నప్పుడు నా కళ్లు ముందు అక్కడికే పోతాయి. ఆ శతాబ్దపు పోరాటమంతా ఆ ఒక్క వరసలోనే జరిగిందని నా నమ్మకం.

ముందు చట్టం సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. 1804లో నెపోలియన్ తెచ్చిన పౌరస్మృతి ప్రకారం భార్య భర్తకు లోబడి ఉండాలి. ఆ మాట చట్టంలో అచ్చంగా అలాగే రాసి ఉంది. భర్త అనుమతి లేకుండా ఆమె ఆస్తి అమ్మకూడదు, కొనకూడదు. విడాకులు 1816లో రద్దయ్యాయి, మళ్లీ వచ్చింది 1884లో. పెళ్లయిన ఆడమనిషి తన కష్టార్జితాన్ని తన ఇష్టప్రకారం వాడుకునే హక్కు ఎప్పుడొచ్చిందో తెలుసా? 1907లో. అంటే నేను చెప్పబోయే ఆడవాళ్లలో పెళ్లయినవాళ్లు తాము రాసిన అక్షరం మీద వచ్చే డబ్బుకు కూడా చట్టం కళ్లలో పూర్తి యజమానులు కారు. ఇది గుర్తుంచుకుని వినండి.

సాండ్ సొంత ఊరు బెర్రీ ప్రాంతంలోని నొఆన్. అక్కడి ఇల్లు, పొలాలు నాయనమ్మ నుంచి ఆమెకు వచ్చినవి. వాటి మీద రాబడి మాత్రం భర్త చేతిలో. ఆమెకు ఆయనిచ్చే భత్యం. 1831 జనవరిలో పారిస్ వచ్చి, తన ప్రాంతంవాడే అయిన లతూష్ నడిపే 'ఫిగారో'లో చేరింది. అప్పటి ఫిగారో చిన్న వ్యంగ్య పత్రిక. ఆమెకు పొయ్యి పక్కన ఒక చిన్న బల్ల. ఇంత ముక్క కాగితం ఇచ్చి, ఇందులో పట్టేలా రాయాలి అనేవాడు లతూష్. ఆమెకేమో మొదలుపెడితే పది పేజీలు. రాసింది రాసినట్టు పొయ్యిలో వేసేదట. క్లుప్తంగా రాయడం నాకు చేతకాలేదు అని ఆమే ఒప్పుకుంది.

మరి పేరు? తొలి నవల స్నేహితుడు జ్యూల్ సాందోతో కలిసి రాసింది. సాందో పేరు కత్తిరించి "జె. సాండ్" అని వేశారు. రెండోది 'ఇండియానా', 1832. అది పూర్తిగా ఆమె ఒక్కతే రాసింది. నేను ఒక్క వాక్యం రాయనిదానికి నా పేరు వద్దన్నాడు సాందో. నిజాయితీపరుడే. మరి ఎలా? 'సాండ్' అలాగే ఉంచి ముందున్న పేరు మార్చమన్నాడు లతూష్. ఆమె 'జార్జ్' అని పెట్టుకుంది. ఎందుకంటే ఆ పేరు వినగానే తనకు బెర్రీ రైతు గుర్తొచ్చాడట. చూశారా? ఇంటిపేరు అత్తగారిది కాదు, పుట్టింటిది కాదు. సగం ఒక స్నేహితుడిది, సగం తన ఊరిది. చట్టంలో ఎవరి కిందకీ రాని పేరు. మగపేరు చాటున దాక్కుంది అని పాఠ్యపుస్తకాల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. దాక్కుందా? కొన్నేళ్లలోనే ఆ జార్జ్ ఎవరో దేశమంతా తెలుసు. దాచడానికి పనికిరాని పేరును జీవితాంతం ఎందుకు మోసిందంటారు? అది ఒక్కటే పూర్తిగా ఆమె సొంతం కాబట్టి.

ఇప్పుడు అసలు పత్రిక దగ్గరికి వద్దాం. 'రెవ్యూ దె దూ మోంద్'. రెండు లోకాల సమీక్ష అని అర్థం. 1829లో పుట్టింది, ఇప్పటికీ వస్తోంది. దాన్ని నిలబెట్టినవాడు ఫ్రాన్స్వా బ్యులోజ్. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుకుంటూ పైకొచ్చిన మనిషి. 1831లో సంపాదకుడయ్యాడు. 1832 చివర సాండ్‌తో ఒక ఒప్పందం చేసుకున్నాడు. ఆరు వారాలకు 32 పేజీలు ఇవ్వాలి. ఏడాదికి 4,000 ఫ్రాంకులు. లెక్క వేయండి, ఏడాదికి దాదాపు 280 పేజీలు. ఇరవై ఎనిమిదేళ్లు నిండిన ఆడమనిషికి, ఇద్దరు పిల్లల తల్లికి, భర్త భత్యంతో పని లేకుండా నెల గడిచే దారి దొరికింది. పత్రికలు రచయిత్రులకు వేదిక ఇచ్చాయి అంటారు. వేదిక తర్వాత మాట. ముందు ఇచ్చింది ఇంటద్దె.

కానీ అద్దె కట్టేవాడికి మాట కూడా చెల్లుతుంది కదా. 1841లో సాండ్ 'ఒరాస్' అనే నవల ఇచ్చింది. అందులో మధ్యతరగతి కుర్రవాడి డొల్లతనం, కార్మికుల మంచితనం, విప్లవం వాసన. మార్చమన్నాడు బ్యులోజ్. ఆమె మార్చలేదు. మార్చకపోగా పియర్ లెరూ, లూయీ వియార్దో అనే ఇద్దరు మిత్రులతో కలిసి ఆ ఏడాది నవంబరులోనే సొంత పత్రిక పెట్టింది. 'రెవ్యూ ఆందెపాందాంత్', స్వతంత్ర సమీక్ష. 'ఒరాస్' అందులోనే వచ్చింది. తర్వాత 'కోన్సుయెలో' కూడా అందులోనే సీరియల్‌గా మొదలైంది. కార్మికులు రాసే కవిత్వం గురించి సాండ్ అక్కడ ప్రత్యేకంగా వ్యాసాలు రాసింది. ఒక నవలను మార్చనన్నందుకు ఒక పత్రికే పుట్టింది. నాకు ఇది ఎప్పుడు చెప్పినా ఒళ్లు పులకరిస్తుంది. చాలా ఏళ్ల తర్వాత బ్యులోజ్ దగ్గరికి తిరిగి వెళ్లింది లెండి. ఈసారి ఎలాంటి రచయితగా వెళ్లిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక దినపత్రికల సంగతి. 1836 జులై 1న ఎమీల్ ద జిరార్దాన్ 'లా ప్రెస్' మొదలుపెట్టాడు. అప్పటిదాకా దినపత్రిక చందా ఏడాదికి 80 ఫ్రాంకులు. ఈయన 40కే ఇచ్చాడు. మిగతా సగం ప్రకటనల నుంచి రాబట్టాడు. చందాదారులు పెరగాలంటే రోజూ ఎదురుచూసేది ఏదో ఉండాలి. పేజీ అడుగున అడ్డగీత గీసి, కింద వేసే భాగం ఉండేది. దాన్ని ఫ్రెంచివాళ్లు పత్రిక 'కింది అంతస్తు' అనేవారు. పై అంతస్తులో రాజకీయం, కింద కథలు, కబుర్లు, సమీక్షలు. మన సీరియల్ నవల తాతముత్తాతల ఇల్లు అదే.

ఆ కింది అంతస్తులో ఒక 'వికోంత్ షార్ల్ ద లొనే' అనే జమీందారు పారిస్ కబుర్లు రాసేవాడు. పారిస్ అంతా చదివేది. ఏ విందులో ఎవరు విసుక్కున్నారు, నాటకశాలలో ఏ చప్పట్లు నిజమైనవి, కొత్త రైలు ఎక్కితే ఎలా ఉంటుంది, ఇలాంటివి. ఆ జమీందారు ఎవరు? యజమాని భార్య, దెల్ఫీన్ ద జిరార్దాన్. పెళ్లికి ముందే కవయిత్రిగా పేరున్న మనిషి. 1836 నుంచి 1848 దాకా పన్నెండేళ్లు రాసింది. ఈ రహస్యం కూడా నిలవలేదు. మరి ముసుగెందుకు? మగ జమీందారు ఊరంతా తిరగొచ్చు, మంత్రుల మీద నవ్వొచ్చు, క్లబ్బులో విన్నది చెప్పొచ్చు. అదే మాట ఒక గృహిణి అంటే గయ్యాళి అంటారు. కబుర్లని తీసిపారేస్తారు గానీ, ఆ కాలపు పారిస్ ఎలా మాట్లాడేదో తెలియాలంటే నేను ముందు తీసేది ఆ కాలమ్‌లే.

అదే పత్రికాలోకం ఆడవాళ్లను ఏమనేదో కూడా చూడాలి కదా? 1844లో 'షారివారి' అనే పత్రికలో దోమియే 'నీలి మేజోళ్లు' పేరుతో 40 బొమ్మలు వేశాడు. రాసే ఆడదాన్ని వెక్కిరించే మాట అది. ఒక బొమ్మలో ఆవిడ రాసుకుంటూ ఉంటే బిడ్డ నీళ్ల తొట్టిలో పడిపోతుంటుంది. దోమియే మహాకళాకారుడు, పేదల పక్షాన నిలబడినవాడు, రాజును గీసి జైలుకు వెళ్లినవాడు. ఆయన చేయి కూడా ఇక్కడికొచ్చేసరికి ఇలా తిరిగింది. నాకు ఇది బాధగానే ఉంటుంది, ఇప్పటికీ.

ఇప్పటిదాకా చెప్పిన ఇద్దరూ చదువుకున్నవాళ్లు, పరిచయాలున్నవాళ్లు. ఇప్పుడు కుట్టుపనివాళ్ల దగ్గరికి వెళ్దాం. నిజానికి ఈ రోజు నేను వచ్చింది వీళ్ల గురించి చెప్పడానికే.

సాన్-సిమోన్ అనే ఆలోచనాపరుడి శిష్యబృందం ఒకటి ఉండేది. ఆడా మగా సమానమని చాటేవారు. ఎందరో శ్రామిక స్త్రీలు ఆ మాట నమ్మి చేరారు. 1831 నవంబరులో బృందం నాయకుడు ఆన్‌ఫాన్‌తాన్ ఏం చేశాడు? ఆడవాళ్లను నాయకత్వ శ్రేణిలోంచి తీసేశాడు. ఎప్పటికో ఒక మహాస్త్రీ అవతరిస్తుంది, అందాకా ఆమె స్థానం ఇదీ అని తన పక్కన ఒక ఖాళీ కుర్చీ వేయించాడు. ఊహించుకోండి. రాబోయే దేవతకు కుర్చీ. ఎదురుగా నిలబడి ఉన్న ఆడవాళ్లకు మాత్రం చోటు లేదు.

అప్పుడు రెన్ గాందోర్ఫ్, దెజిరె వెరే అనే ఇద్దరు యువతులు, బట్టలు కుట్టి బతికేవాళ్లు, 1832 ఆగస్టులో ఒక చిన్న పత్రిక తెచ్చారు. 'లా ఫామ్ లిబ్ర్', అంటే 'స్వేచ్ఛా స్త్రీ'. వెల 15 సాంతీములు, అంటే ఫ్రాంకులో నూరింట పదిహేనో వంతు. ఆడవాళ్లు రాసినవి మాత్రమే వేస్తామన్నారు. పేరు చూడగానే వీధిలో ఎగతాళి మొదలైంది. స్వేచ్ఛ అనే మాట స్త్రీ పక్కన చేరగానే దాని అర్థం ఎలా మారిపోతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా? పేరు మార్చారు. మళ్లీ మార్చారు. 'భావి స్త్రీ' అన్నారు, 'నవీన స్త్రీ' అన్నారు, చివరికి 'స్త్రీల వేదిక' దగ్గర ఆగారు. సుజాన్ వాల్కాన్ అనే బుటేదారు పనిచేసే ఆవిడ సంపాదకత్వం తీసుకుని 1834 దాకా లాగింది. పగలంతా సూది, రాత్రి కలం.

ఇక వ్యాసం చివర చూడండి. 'మరీ-రెన్'. 'జాన్-దెజిరె'. 'సుజాన్'. అంతే. ఇంటిపేర్లు లేవు! ఎందుకు లేవు? సిగ్గుపడి కాదు, భయపడి కాదు. కావాలని తీసేశారు. తండ్రిది ఒక పేరు, మొగుడిది ఇంకో పేరు, ఇందులో మాదేది అని అడిగారు. జ్ఞానస్నానం నాడు పెట్టిన పేరు ఒక్కటే మాది అన్నారు. సాండ్ కొత్త పేరు కట్టుకుంది. దెల్ఫీన్ జమీందారు అంగరఖా తొడుక్కుంది. వీళ్లు ఉన్నదాంట్లోంచి సగం కోసి అవతల పారేశారు. ఈ మూడింటిలో ఏది పెద్ద సాహసమో మీరే చెప్పండి. నాకైతే మూడోదే.

దానికి వాళ్లు కట్టిన ధర ఇంకొకటి ఉంది. ఇంటిపేరు లేకపోతే చరిత్రలో వెతకడం కష్టం. మొదటి సంచికలో స్త్రీలకు పిలుపునిస్తూ వచ్చిన వ్యాసం కింద 'జాన్-విక్త్వార్' అని ఉంది. ఆమె ఎవరన్నదాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. సుజాన్ తర్వాత ఈజిప్టు వెళ్లింది, మంత్రసాని విద్య నేర్చుకుంది, ముసలితనంలో జ్ఞాపకాలు రాసింది. అందుకే ఆమె కథ మనకు తెలుసు. రెన్ 1837లో నదిలో దూకి చనిపోయింది.

1848కి వద్దాం. ఫిబ్రవరిలో రాజును దించిన విప్లవం. 'జుర్నాల్ దె దెబా' అనే దినపత్రికలో సాండ్ సీరియల్ ఒకటి నడుస్తోంది, 'ఫ్రాన్స్వా ల షాంపీ'. విప్లవం వచ్చి అది ముగింపు దగ్గర కొన్నాళ్లు ఆగిపోయింది. పాఠకులకు ఎలా ఉండి ఉంటుందో! మార్చి 20న యూజెనీ నిబ్వాయే 'లా వ్వా దె ఫామ్', స్త్రీల గొంతు, అనే దినపత్రిక మొదలుపెట్టింది. దినపత్రికండీ, ఆడవాళ్లు నడిపేది, 1848లో. మగవాళ్లందరికీ ఓటు వచ్చింది, మరి మాకు అని రోజూ అడిగారు. ఏప్రిల్ 6న ఆ పత్రిక రాజ్యాంగ సభకు సాండ్ పేరు ప్రతిపాదించింది. దేశంలో అందరూ ఎరిగిన ఆడపేరు ఆమెదే కదా.

సాండ్ ఏమంది? కాదంది. అంతటితో ఊరుకోలేదు. 'లా రెఫోర్మ్' అనే పత్రికకు ఉత్తరం రాసింది. క్లబ్బులు పెట్టి పత్రికలు నడిపే ఆ స్త్రీలలో ఒక్కరితోనూ నాకు పరిచయం లేదు, ఆ పత్రికల్లో నా పేరుతోగానీ నా పొడి అక్షరాలతోగానీ ఏమైనా వస్తే అవి నావి కావు అంది. మళ్లీ పేరే! పదిహేడేళ్లు కష్టపడి కట్టుకున్న పేరును ఇంకొకరు అడక్కుండా తీసుకున్నారని కోపం. ఆమె వాదన ఏమిటంటే, ముందు పెళ్లి చట్టం మారాలి, భర్త కింద బానిసగా ఉన్న స్త్రీకి స్వతంత్రమైన ఓటు ఎక్కడిది, అని. వాదనలో బలముంది. కానీ నిబ్వాయే, ఆమె తోటివాళ్లు ఆ ఉదయం పత్రిక విప్పి అది చదివినప్పుడు ఎలా ఉండి ఉంటుంది? సాండ్‌ను ఎంతో ఇష్టపడే నేను ఆ ఉత్తరాన్ని క్షమించలేకపోయాను.

జూన్‌లో ఆ దినపత్రిక ఆగిపోయింది. అయినా అందులో రాసిన జాన్ దెర్వాన్, ఒకప్పటి కుట్టుపనమ్మాయి, తర్వాత బడిపంతులమ్మ, 1849లో 'లోపినియోన్ దె ఫామ్' అనే పత్రిక తెచ్చింది. ఆడవాళ్లకు ఓటే లేని దేశంలో శాసనసభ ఎన్నికలకు అభ్యర్థిగా నిలబడింది. పత్రిక మూతపడింది దేనివల్ల? రాజకీయం రాసే పత్రిక ప్రభుత్వం దగ్గర ధరావతు కట్టాలి, 5,000 ఫ్రాంకులు అడిగారు. సాండ్ ఏడాది ఒప్పందం 4,000 అని చెప్పాను, గుర్తుందా? బడిపంతులమ్మ ఎక్కడినుంచి తెస్తుంది? తర్వాత జైలు, తర్వాత లండన్ ప్రవాసం. ఫ్రాన్స్‌లో స్త్రీలకు ఓటుహక్కు వచ్చింది 1944లో.

మధ్యలో ఒక యాభై ఏళ్లు గబగబా దాటేస్తాను, టైము చూస్తున్నారు నిర్వాహకులు. 1879లో జూలియెట్ ఆదాం 'లా నువెల్ రెవ్యూ' స్థాపించింది, నేరుగా బ్యులోజ్ కుటుంబపు పత్రికకు పోటీగా. ఇరవై ఏళ్లు నడిపింది. 1890లో వచ్చిన 'మెర్క్యూర్ ద ఫ్రాన్స్'లో రచయిత్రి రషీల్ద్ దశాబ్దాల తరబడి నవలల సమీక్ష చేసింది, కొత్త నవలాకారుడి భవిష్యత్తు ఆమె పేరాలో తేలేది.

మన దేశం పేరు కూడా ఒక్కసారి వస్తుంది ఈ కథలో. కలకత్తా అమ్మాయి తోరూ దత్. 1876లో ఫ్రెంచ్ కవితలకు తన ఇంగ్లీషు అనువాదాలు అచ్చు వేసింది. ఆ పుస్తకాన్ని 'రెవ్యూ దె దూ మోంద్'లో ఆంద్రే తరియే మెచ్చుకున్నాడు. ఆమె 1877లో ఇరవై ఒక్కేళ్లకే పోయింది. ఫ్రెంచిలో రాసిపెట్టిన నవల దొరికితే తండ్రి పంపించాడు. 1879లో పారిస్‌లో అచ్చయింది. ప్రాచీన భారత స్త్రీల మీద పుస్తకం రాసిన క్లారీస్ బాదేర్ దానికి ముందుమాట రాసింది. ఇద్దరూ ఉత్తరాల్లోనే స్నేహితులు, ఒకరినొకరు చూసుకోలేదు. ఆ అట్ట మీద మాత్రం తోరూ దత్ పేరు అసలు పేరే.

చివరికి 1897 డిసెంబరు 9. 'లా ఫ్రోంద్' అనే దినపత్రిక. ఫ్రోంద్ అంటే వడిసెల. మన పొలాల్లో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలేది, అదే. రాజు మీద జరిగిన పాత తిరుగుబాటుకూ అదే పేరు. పెట్టింది మార్గరీత్ ద్యురాన్, ఒకప్పటి నటి, తర్వాత ఫిగారో విలేకరి. 1896లో స్త్రీల మహాసభ మీద సరదాగా ఒక వ్యాసం రాసుకురమ్మని ఫిగారో ఆమెను పంపింది. వెళ్లి విన్నది. ఆ వ్యాసం రాయనంది. మరుసటి ఏడాది సొంత పత్రిక.

అందులో సంపాదకులు, విలేకరులు, కంపోజిటర్లు, అందరూ ఆడవాళ్లే. వంటలు, కుట్లు, అల్లికలు కాదు, పార్లమెంటు, స్టాక్ మార్కెట్టు, కోర్టులు. డార్విన్‌ను ఫ్రెంచిలోకి తెచ్చిన క్లెమాన్స్ రుఆయే అందులో రాసేది. దేశద్రోహి అని అన్యాయంగా శిక్షపడిన సైనికాధికారి ద్రేఫ్యూస్‌కు 1899లో రెన్ నగరంలో పునర్విచారణ జరిగితే సెవెరీన్ అక్కడినుంచి వార్తలు పంపింది. అక్షరాలు కూర్చే ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా జీతం ఇచ్చారు. దినపత్రిక రాత్రిళ్లు తయారవుతుంది, కానీ 1892 చట్టం ఆడవాళ్లు రాత్రిపూట పరిశ్రమల్లో పనిచేయకూడదంది. వాళ్ల రక్షణ కోసమట. అదే రాత్రి పత్రికలు మడతపెట్టే పనికి తక్కువ కూలికి ఆడవాళ్లు వస్తే ఆ రక్షణ ఎవరికీ గుర్తు రాలేదు అని ద్యురాన్ వాదన. అచ్చుపని మగవాళ్ల సంఘం కూడా వీళ్లను చేర్చుకోలేదు. వీళ్లే వేరే సంఘం పెట్టుకున్నారు. 1903 దాకా దినపత్రికగా నడిచింది.

ద్యురాన్ ఏదీ పారేయలేదు. ఉత్తరాలు, కరపత్రాలు, పాత స్త్రీల పత్రికలు, అన్నీ పోగేసి 1931లో పారిస్ నగరానికి ఇచ్చేసింది. ఆ గ్రంథాలయం ఆమె పేరుతోనే ఇప్పటికీ ఉంది. 'లా ఫ్రోంద్' సంచికలు ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

మొదటి సంచిక మొదటి పేజీ ప్రింటు తీసి తెచ్చాను. ఇదిగో, ఇటునుంచి అటు తిప్పండి. ఫ్రెంచి రాకపోయినా ఫర్వాలేదు. వ్యాసాలు చదవక్కర్లేదు, ఒక్కో వ్యాసం అయిపోయిన చోట వేలు పెట్టి చూడండి. కొన్ని అసలు పేర్లు, కొన్ని కలంపేర్లు. అది మీ వరసలన్నీ తిరిగి నా దగ్గరికి వచ్చేలోగా ప్రశ్నలుంటే అడగండి.